పెరట్లో తంగేడు

తెలంగాణ ప్రభుత్వం 2014లో రాష్ట్ర పుష్పంగా ప్రకటించిన తంగేడును బతుకమ్మ పండుగ రాగానే గుట్టల వెంటా, చెరువు గట్ల వెంటా వెతికి తెచ్చుకుంటాం గానీ, మందారాన్నో నందివర్ధనాన్నో నాటుకున్నట్టు దాన్ని ఇంటి ముందు నాటుకోవాలన్న ఆలోచన చాలామందికి రాదు. ఊళ్ల చుట్టూ ఉన్న బీడు భూములు ప్లాట్లుగా మారిపోతున్న ఈ కాలంలో ఆ ఆలోచన రావలసిన అవసరం ఉంది. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురం నేలల్లో కూడా ఎవరూ నీరు పోయకుండానే బతికే ఈ పొద, ఇంటి తోటకు వచ్చాక ఎండిపోయిందంటే దానికి చాలాసార్లు మన అతి సంరక్షణే కారణం.

తంగేడు కరువును తట్టుకోవడం వెనుక ఉన్న ఏర్పాటు ముందు తెలిస్తే, దానికి ఏం చేయకూడదో సులువుగా అర్థమవుతుంది. మొలకెత్తిన తొలి వారాల్లో ఈ మొక్క పైకి ఎదగడం కన్నా తల్లివేరును లోతుకు దించడం మీదే ఎక్కువ శక్తి వెచ్చిస్తుంది. ఆకు ఒకే వెడల్పాటి రేకుగా కాక, ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్న చిన్న పత్రకాలుగా చీలి ఉంటుంది. పెద్ద ఆకు ఎండలో వేడెక్కితే చల్లబడటానికి ఎక్కువ నీటిని ఆవిరి చేయవలసి వస్తుంది. చిన్న పత్రకానికి చుట్టూ కదిలే గాలే వేడిని లాగేస్తుంది కాబట్టి అంత నీటి ఖర్చు ఉండదు. బెరడులో టానిన్లు అనే వగరు పదార్థాలు సమృద్ధిగా ఉంటాయి. ఒకప్పుడు మద్రాసు ప్రాంతంలో తోళ్లు పదును చేయడానికి ఈ బెరడునే విరివిగా వాడేవారు. పశువులు కూడా ఈ పొదను అంతగా మేయవు.

లోతుగా దిగే ఆ వేరుకు గాలి కావాలి. నీరు నిలిచే నల్లమట్టిలోనో, రోజూ తడిపే పచ్చిక పక్కనో నాటితే వేర్లు ఊపిరాడక కుళ్లుతాయి. ఎర్రమట్టిలో కొంత ఇసుక కలిపి, చుట్టుపక్కల నేల కన్నా జానెడు ఎత్తుగా మడి కట్టి, రోజంతా ఎండ పడే చోట నాటాలి. నీడలో మొక్క బతుకుతుంది గానీ సరిగా పూయదు. మొదటి ఏడాది వానలు లేని రోజుల్లో వారానికొకసారి, నీరు లోతుకు ఇంకేలా పోస్తే చాలు. వేరు కుదురుకున్నాక అదీ మానేయవచ్చు. నత్రజని ఎరువులు వేస్తే కొమ్మలు, ఆకులు గుబురుగా పెరుగుతాయి తప్ప పువ్వులు ఆ మేరకు పెరగవు. బయట పెరిగిన పొదను పెళ్లగించి తెచ్చి నాటే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయవద్దు: తల్లివేరు తెగిన మొక్క నిలదొక్కుకోవడం కష్టం, పైగా బీడులో ఉన్న ఒక పొద కూడా పోతుంది.

కాబట్టి విత్తనంతోనే మొదలుపెట్టాలి. పల్చటి కాగితంలా ఎండి గోధుమ రంగుకు తిరిగిన కాయలను కోసి ఒలిస్తే ఒక్కొక్క దానిలో డజను పైగా గింజలు ఉంటాయి. వాటిని నేరుగా మట్టిలో వేస్తే కొన్నే మొలుస్తాయి, మిగిలినవి నెలల తరబడి కదలవు. గింజలు పుచ్చిపోయాయని అనుకోనక్కరలేదు. పైపొరలోని కణాలు ఒత్తుగా పేరుకుని నీటిని లోపలికి రానివ్వవు. బయట ఎండలకు, రాపిడికి ఆ పొర ఒక్కొక్క గింజలో ఒక్కొక్కప్పుడు బీటవారుతుంది. మొదటి వానను నమ్మి అన్నీ ఒకేసారి మొలిచి, ఆ తరువాత నెల రోజులు చినుకు పడకపోతే మొత్తం సంతానమే నశించే ప్రమాదం ఉన్న నేలలో ఇది ఎంతో అవసరమైన జాగ్రత్త. తోటలో అంత నిరీక్షణ అక్కరలేదు. మరిగించి పొయ్యి మీద నుంచి దించిన నీళ్లలో గింజలు వేసి రాత్రంతా వదిలేస్తే, తెల్లారేసరికి నీరు పీల్చినవి ఉబ్బి కనిపిస్తాయి. వాటిని జూన్‌లో తొలకరి పడగానే నేరుగా మడిలో విత్తాలి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద కొద్దిగా రుద్ది మళ్లీ నానబెట్టవచ్చు.

పూత మొదలయ్యాక ఒక పువ్వును దగ్గరగా పట్టుకుని చూడాలి. ఐదు పసుపు రేకుల నడుమ పది కేసరాలు ఉంటాయి గానీ అన్నీ ఒకే తీరుగా ఉండవు: పైవి మూడు గొడ్డువి, మధ్యలోవి పొట్టివి, కిందివి పొడవుగా వంగి ఉంటాయి. పుప్పొడిని అందుకునే ఆడ భాగపు కాడ, అంటే కీలం, నిటారుగా నిలవక ఒక పక్కకు ఒరుగుతుంది. అదే మొక్క మీద కొన్ని పువ్వుల్లో ఎడమకు, కొన్నింటిలో కుడికి. ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే కీటకాలకు దొరికే ఆహారం. ఆ పుప్పొడి కూడా ఉప్పు డబ్బా మూతకున్నట్టు కొసన ఉన్న చిన్న రంధ్రాల గుండానే రాలుతుంది. నల్ల తుమ్మెద పువ్వును కాళ్లతో బిగించి పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఛాతీ కండరాలను అదిరిస్తే ఆ ప్రకంపనకు పుప్పొడి చిమ్ముతుంది. పొట్టి కేసరాల నుంచి వచ్చినది తుమ్మెదకు ఆహారమవుతుంది. పొడవాటి వాటి నుంచి వచ్చినది దాని ఒంటికి ఒక పక్క అంటుకుని, కీలం అటువైపు ఒరిగిన మరో పువ్వును చేరుతుంది. మామూలు తేనెటీగకు ఇలా అదిరించే విద్య రాదు. అందుకే తంగేడును నాటేవారు తుమ్మెదకు కూడా చోటివ్వాలి: ఎండు కొయ్య దుంగనో, లావుపాటి వెదురు ముక్కలనో వాన తగలని మూల కట్టి ఉంచితే అది వాటిలో గూడు చేసుకుంటుంది.

వానాకాలంలో ఆకుల మీద తెల్లటి సన్నని గుడ్లు, ఆ తరువాత పక్కన లేత గీత ఉన్న ఆకుపచ్చని గొంగళిపురుగులు కనిపిస్తే మందు కొట్టకూడదు. లేత రంగు రెక్కల సీతాకోకచిలుకల్లో కొన్ని జాతులు తంగేడు ఆకు మీదే పెరుగుతాయి. ఆకులు కొన్ని పోయినా, వేరు గట్టిగా ఉన్న పొద మళ్లీ చిగురిస్తుంది. పైగా ఆ మందు తుమ్మెదలనూ చంపుతుంది.

పువ్వులు కొమ్మల కొసన గుత్తులుగా వస్తాయి కనుక కత్తిరింపు ఈ మొక్కకు మేలే చేస్తుంది. వేసవి చివర సగం ఎత్తుకు కత్తిరిస్తే కొత్త కొమ్మలు ఎక్కువై, వానలు పడ్డాక భాద్రపద, ఆశ్వయుజ మాసాల్లో పొద నిండా పూస్తుంది. బతుకమ్మకు కోసేటప్పుడు నాలుగైదు గుత్తులను ముట్టకుండా వదిలేయాలి. వాటి కాయలు ముదిరాక దొరికే గింజల్ని పొడిగా నిల్వ చేస్తే మరుసటి తొలకరికి పొరుగువారికీ, కాలనీ రోడ్డు పక్కన ఖాళీగా ఉన్న గట్టుకీ సరిపోతాయి.