ఆన్ కాని పాత కంప్యూటర్‌కు ఫార్మాట్ మందు కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే మనమంతా సీటీసీ అనే చోట, పని నేర్చుకొని ప్రస్తుతం మలక్‌పేటలో చిన్న మరమ్మతు దుకాణం నడుపుకుంటున్న నాకు వారంలో రెండు మూడు సార్లయినా వినిపించే మాట ఒకటుంది. సీపీయూ డబ్బాను బల్ల మీద దించీ దించకముందే, "ఫొటోలు పోతే పోయాయిలెండి, ఫార్మాట్ కొట్టేయండి" అంటారు. ఆ మాట అనేటప్పుడు వారి ముఖం చూస్తే, పోతే పోయాయని వారు నిజంగా అనుకోవడం లేదని తెలిసిపోతుంది. ఎవరో చెప్పారు, వీరు నమ్మారు.

అపోహ: కంప్యూటర్ ఆన్ కాకపోతే విండోస్ పాడైనట్టే, ఫార్మాట్ చేస్తే తప్ప బాగుపడదు.

వాస్తవం: బటన్ నొక్కగానే ముందు మేల్కొనేది ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటును కంప్యూటర్‌కు తగ్గ వోల్టులకు మార్చి ఇచ్చే డబ్బా. అది 12, 5, 3.3 వోల్టుల కరెంటును సరిగ్గా అందిస్తేనే మదర్‌బోర్డులోని బయోస్ అనే ఆరంభ ప్రోగ్రాం లేచి ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లేలను వరుసగా పరీక్షించుకుంటుంది. ఆ పరీక్ష ముగిశాకే హార్డ్ డిస్క్‌లో ఉన్న విండోస్ వంతు వస్తుంది. కాబట్టి తెర మీద కంపెనీ లోగో గానీ, ఒక్క అక్షరం గానీ కనిపించక ముందే ఆగిపోయిన కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయాలనడం, గ్యాస్ అయిపోయి పొయ్యి వెలగకపోతే డబ్బాలోని బియ్యం పారబోయమనడం వంటిది.

అక్షరాలు కనిపించి ఆగిపోయినా తొందరపడవలసిన పని లేదు. గత ఆషాఢంలో, బోనాల ట్రాఫిక్‌లో, నల్లకుంట నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన కంప్యూటర్‌ను దుప్పటిలో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకొని తెచ్చారు. విండోస్ 7 కాలం నాటి యంత్రం. ఆయన ఆరు నెలలు అమెరికాలో కూతురి దగ్గర ఉండి వచ్చి ఆన్ చేస్తే నీలి తెర వచ్చి, మళ్లీ మొదటికి వెళుతోంది. అప్పటికే ఒక దుకాణంలో చూపించగా విండోస్ కరప్ట్ అయిందని, ఫార్మాట్ తప్పదని చెప్పారట. చనిపోయిన భార్య ఫొటోలు అందులో తప్ప ఇంకెక్కడా లేవని ఆయన నాకు మూడు సార్లు చెప్పారు.

బయోస్ తెరిస్తే తేదీ 2009 జనవరి 1 అని ఉంది. రోగం అక్కడే తెలిసింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సీమోస్ బ్యాటరీ ఉంటుంది, కరెంటు లేనప్పుడు తేదీని, బయోస్ సెట్టింగులను నిలిపేది అదే, సీఆర్ 2032 అంటాము. 3 వోల్టులు చూపవలసిన ఆ బ్యాటరీ మీటరులో 2 వోల్టులైనా చూపలేదు. గోడ స్విచ్ వేసి ఉన్నంతకాలం ఎస్ఎంపీఎస్ ఇచ్చే స్టాండ్‌బై కరెంటుతో బయోస్ సెట్టింగులు నిలుస్తాయి గనుక బ్యాటరీ నీరసించిన సంగతి బయటపడదు. ప్లగ్ తీసి ఆరు నెలలు ఉంచినప్పుడు అవన్నీ చెరిగిపోయి, డిస్కును చదివే పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిపోయింది. తనను ఏ పద్ధతిలో ఇన్‌స్టాల్ చేశారో ఆ పద్ధతిలో డిస్కు కనిపించకపోవడంతో విండోస్ చేతులెత్తేసి, 7బీ అనే ఎర్రర్ కోడ్‌తో నీలి తెర చూపింది. 50 రూపాయల లోపు బ్యాటరీ మార్చి, ఆ ఒక్క సెట్టింగు సరిచేయగానే డెస్క్‌టాప్ వచ్చేసింది. మాస్టారు ఫొటోల ఫోల్డర్ తెరిపించి, చివరి ఫొటో దాకా ఒక్కొక్కటిగా చూసుకొని, "ఇక ఆపేయండి బాబూ, అరిగిపోతుందేమో" అన్నారు. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఇచ్చేదాకా నేను ఆపలేదు.

అందరి కథా ఇలా ముగియదు. వేరేచోట ఫార్మాట్ చేయించి, విండోస్ కొత్తగా వేయించుకొని, పాత ఫైళ్లు తిరిగి తెప్పించమని నా దగ్గరకు వచ్చేవారూ ఉన్నారు. క్విక్ ఫార్మాట్ డిస్కులోని విషయసూచికను మాత్రమే తుడుస్తుంది కాబట్టి అంతవరకైతే ఆశ ఉంటుంది. అయితే ఆపైన విండోస్ ఇన్‌స్టాల్ చేస్తే అనేక జీబీల కొత్త ఫైళ్లు పాతవాటి స్థలంలో కూర్చుంటాయి. విండోస్ విస్టా నాటి నుంచి ఫుల్ ఫార్మాట్ డిస్కంతా సున్నాలతో నింపుతుంది. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో దాచే డిస్కు) అయితే, చెరిపిన చోటును డిస్కే ఖాళీ చేసుకునే ట్రిమ్ అనే సదుపాయం వల్ల ఆశ దాదాపు ఉండదు. ఫార్మాట్ అయిన డిస్కు నుంచి తిరిగి తీసిన ఒక పెళ్లి ఆల్బమ్ నాకు ఇప్పటికీ గుర్తుంది: ఫైళ్ల పేర్లు ఒక్కటీ మిగలలేదు, సగం ఫొటోల్లో వధూవరుల ముఖాలున్నాయి, మెడ కింద నుంచి అంతా బూడిదరంగు పట్టీ.

కాబట్టి ఎవరైనా ఫార్మాట్ మాట ఎత్తితే, ముందు హార్డ్ డిస్క్ విప్పి యూఎస్‌బీ అడాప్టరుతో మరో కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు కాపీ చేయమనండి. డెస్క్‌టాప్‌లలోని 3.5 అంగుళాల డిస్కుకు 12 వోల్టులు విడిగా ఇచ్చే అడాప్టర్ కావాలి. మామూలు కేబుల్ చాలదు. డిస్కు బాగున్నప్పుడు ఇది ఏ దుకాణంలోనైనా చేయగలిగిన పనే. డిస్కు టిక్కు టిక్కుమంటూ చప్పుడు చేస్తుంటే మాత్రం మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి, ప్రతి ప్రయత్నమూ దాన్ని ఇంకొంచెం గీయవచ్చు. అటువంటి డిస్కును ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందని వీడియోల్లో చెప్పేవారి మీద నాకు ఎంతమాత్రం ఓపిక లేదు. చల్లటి డిస్కు బయటకు రాగానే తేమ పడుతుంది, ఆ తేమతో అది తిరిగితే మిగిలిన ఆశ కూడా పోతుంది.

తక్కినవి క్లుప్తంగా. బీప్ బీప్ అని అరుస్తూ తెర నల్లగా ఉంటే మదర్‌బోర్డు పోయిందనుకోకండి. వానాకాలంలో ర్యామ్ కాళ్లకు మకిలి పట్టడం మామూలే. ప్లగ్ తీసేసి, ర్యామ్ విప్పి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి దులిపి బిగిస్తే చాలాసార్లు లేస్తుంది. ఫ్యాన్ తిరుగుతున్నంత మాత్రాన ఎస్ఎంపీఎస్ బాగున్నట్టు కాదు, 12 వోల్టులు వస్తూ 5 వోల్టులు కుంగిపోయిన సందర్భాలు బోలెడు. దాని డబ్బాను మాత్రం ఇంట్లో విప్పవద్దు, ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. మేము విప్పినప్పుడు బల్లులు, ఒక్కోసారి దసరా ఆయుధ పూజనాటి పసుపూ కనిపిస్తుంటాయి. బొట్టు పెట్టండి, కాకపోతే గాలి పోయే జాలీ మీద కాదు. ఇక 2020 జనవరి 14న విండోస్ 7కు, 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపినందువల్లే తమ కంప్యూటర్ ఆన్ కావడం లేదని కొందరు వాదిస్తారు. ఆగినవి భద్రతా అప్‌డేట్లు. పవర్ బటన్‌కూ వాటికీ సంబంధం లేదు.

మరమ్మతుకు తెచ్చేవారు మానిటర్ మోసుకురానక్కరలేదు. బయలుదేరే ముందు డబ్బా వెనక ఒకసారి చూడండి: విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ దానికే ఉండాలి, మదర్‌బోర్డు వైపు సాకెట్‌కు కాదు. మొన్న ఒకాయన ఉప్పల్ నుంచి మెట్రోలో ఎత్తుకొచ్చిన సీపీయూ నా బల్ల మీద మొదటిసారికే ఆన్ అయింది. ఇల్లు ఊడ్చేటప్పుడు తీసిన కేబుల్‌ను పక్క సాకెట్‌లో పెట్టారు, అంతే.