రెండు కిస్తీలు తప్పినా ఒకటి కట్టొచ్చు: అప్పుల రిస్కుపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒక్క ఈఎంఐ తప్పితే డిఫాల్టరే. ఇక ఒకటి కట్టినా, మూడూ ఆపినా ఒకటే.

హనుమకొండలో అప్పుల రిస్కు మోడళ్లు కట్టడం నా పని. పెళ్లికి పోయినా ఈ మాటే వినబడుతుంది.

వాస్తవం: మోడల్ లెక్కించేది హజార్డ్‌ను. అంటే ఇప్పటిదాకా నిలబడ్డ ఖాతా వచ్చే నెల కూలే అవకాశం. అది నెలనెలా మారుతుంది. 20 రోజుల బకాయిలో ఉన్నవి చాలావరకు దారికొస్తాయి. 80కి చేరినవాటిలో తేరుకునేవి బాగా తక్కువ.

మొన్న జనవరి 25న నర్సంపేట దిక్కు నుంచి ఒకాయన వచ్చాడు. ట్రాలీ ఆటోలో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలుతాడు. నవంబర్ 5 నుంచి మూడు కిస్తీలు బాకీ. పాపం, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాడు. "ఎట్లాగూ పేరు ఖరాబైంది గద సార్, సీజన్ల మూడూ ఒకేపారి కడ్త" అన్నాడు. జేబులో ఒక కిస్తీకి పైసలున్నయ్! అప్పటికి 81 రోజులు. ఒక్కటి కడితే పాత బాకీ డిసెంబర్ 5ది అవుతుంది, లెక్క 51కి దిగుతుంది. కట్టకుంటే 90 రోజులు దాటి ఫిబ్రవరి మొదటి వారంలోనే ఎన్‌పీఏ, అంటే బ్యాంకు లెక్కలో మొండి బాకీ. ఆ తర్వాత ఒకటీ అరా కడితే బయటపడలేరు. అసలు, వడ్డీ బకాయి మొత్తం తీరాల్సిందేనని ఆర్‌బీఐ 2021 నవంబర్‌లో తేల్చిచెప్పింది. పైగా అదే బ్యాంకులో ఉన్న మిగతా అప్పులూ ఎన్‌పీఏలోకే పోతాయి. పెనాల్టీకి కాకుండా పాత కిస్తీకే జమచేయమని అడగమన్నాను. ఆ సాయంత్రమే కట్టి రసీదు పంపాడు.

"మాఫీ వస్తది, కట్టకు" అని వాట్సాప్‌లో పెట్టేటోళ్లు మీ కిస్తీ కట్టరు. తెలంగాణలో 2024 మాఫీ రూ. 2 లక్షల దాకా పంట రుణాలకే. ఆటోకు, బైకుకు కాదు. పంట రుణానికి ఎన్‌పీఏ లెక్క కూడా వేరు: స్వల్పకాలిక పంటలకైతే రెండు పంట సీజన్లు.

"కొత్త అప్పుల్లో ఒక్క ఎన్‌పీఏ లేదు" అని మురిసే మేనేజర్లకూ ఒక మాట. రెండు నెలల కింద ఇచ్చిన అప్పు 90 రోజుల బకాయి ఎట్లా చూపిస్తుంది? నడుస్తున్న ఖాతాను గమనించినంత కాలానికే లెక్కగట్టాలి. 1958 నాటి కప్లాన్-మేయర్ పద్ధతి ఉన్నది అందుకే.

సొంత క్రెడిట్ రిపోర్టు చూసుకుంటే స్కోరు తగ్గుతుందా? తగ్గదు. ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తుంది, తీసుకోండి.