బెల్టుకు ముందు బోల్టు

మన అంబాసిడర్‌కు మూలం బ్రిటన్‌లో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్. 1950ల నాటి అలాంటి కార్లను అక్కడ ఇప్పటికీ ముద్దుగా చూసుకునేవాళ్లున్నారు. తయారైనప్పుడే సీటు బెల్టుల్లేని కారుకు ఇప్పుడు బిగించి తీరాలని బ్రిటన్ చట్టం పట్టుబట్టదు. కాకపోతే ఒక మెలిక పెట్టింది. అలాంటి కారులో మూడేళ్లలోపు పిల్లల్ని ఎక్కించకూడదు. అంతకు పైబడ్డ పిల్లలు వెనక సీట్లోనే కూర్చోవాలి. మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని షికారు తిప్పాలనుకున్న తాతగారికి అప్పుడు బెల్టు గుర్తొస్తుంది.

బెల్టు బజార్లో దొరుకుతుంది. దాన్ని దేనికి బిగించాలన్నదే చిక్కు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నో గుద్దింది, లోపలున్న 70 కిలోల మనిషి అర మీటరు దూరంలో ఆగాడనుకోండి. అతణ్ణి ఆపడానికి సగటున 13,500 న్యూటన్ల బలం కావాలి. అంటే దాదాపు 1,400 కిలోల బరువు, అంబాసిడర్ కారు కంటే ఎక్కువే! పట్టీ ఆ బలానికి తట్టుకుంటుంది. పాత కారు అడుగు రేకు తట్టుకోదు, తుప్పు పట్టిందైతే అసలే కాదు. బోల్టు రేకును చీల్చుకుని పైకి వచ్చేస్తుంది. అందుకే రేకు కింద మందపాటి ఉక్కు పలక పెట్టి, బలాన్ని ఎక్కువ మేరకు పరిచి బిగిస్తారు. బోల్టు కూడా చేతికి దొరికింది పనికిరాదు. 7/16 అంగుళాల గట్టి ఉక్కు బోల్టే వాడుక.

భుజం దగ్గర ఇంకో తంటా. 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ తెచ్చిన మూడు బిందువుల బెల్టుకు (భుజాన్నీ నడుమునూ కలిపి పట్టేది) పై కొన భుజం ఎత్తునో, ఇంకా పైనో ఉండాలి. టాప్ లేని స్పోర్ట్స్ కారులో అక్కడ పైకప్పును మోసే స్తంభమే ఉండదు. పై కొనను సీటు వెనక నేలకు బిగిస్తే, గుద్దుకున్నప్పుడు పట్టీ భుజాన్ని కిందికి లాగి వెన్నెముకను నొక్కేస్తుంది. పోనీ నడుం బెల్టు ఒక్కటే పెడదామా? లేనిదాని కంటే నయమే గానీ, ఒళ్లు ముందుకు వంగి తల స్టీరింగ్‌కు కొట్టుకుంటుంది. ఆ కాలపు స్టీరింగ్ కాలమ్, గుద్దుకుంటే ముడుచుకునే రకం కాదు, తిన్నని ఉక్కు కడ్డీ.

దానంతటదే చుట్టుకునే రీల్ బెల్టుకైతే కోణం కూడా కుదరాలి. వంకరగా బిగిస్తే, గుద్దుకున్నప్పుడు పట్టీని ఆపాల్సిన లోపలి తాళం ముందే పడిపోయి పట్టీ బయటికే రాదు. పాత కార్లలో చేత్తో సరిచేసుకునే మామూలు బెల్టే మేలని నాకనిపిస్తుంది.

ఇలాంటి మార్పులతో పాతకారు గుర్తింపు పోతుందేమోనన్న బెంగ కొందరికి. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పుల్లేని కార్లకు ఏటా చేసే ఎంఓటీ అనే ఫిట్‌నెస్ తనిఖీ అక్కర్లేదు. బెల్టు బిగించడం పెద్ద మార్పు కిందికి రాదు. మన దేశంలో 2021 నాటి వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు పైబడ్డ వాహనాలకు వర్తిస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజన్ భారీగా మారకూడదన్నదే వాటి షరతు.

ఇక్కడ ముందు సీట్ల బెల్టులు 1994 నుంచి తప్పనిసరయ్యాయి. అంతకుముందు నాటి అంబాసిడర్ ఉన్నవాళ్లకు ఒక వెసులుబాటుంది: నాలుగు తలుపుల కారు కాబట్టి భుజం పక్కన స్తంభం సిద్ధంగా ఉంది. దానికి లోపలి నుంచి ఉక్కు పలక వెల్డింగు చేయించి, మ్యాట్ ఎత్తి నేల తుప్పు చూసుకుంటే సగం పని అయినట్టే.