గుండె కొట్టుకుంటోంది కదా, చనిపోయారంటారేంటి? అవయవదానంపై అపోహలు - వాస్తవాలు

ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా, అంటే అవయవదానం గురించి కుటుంబాలతో మాట్లాడి ఏర్పాట్లు చూసే వ్యక్తిగా, నా పని ఎక్కువగా ఐసీయూ బయటే. "ఒళ్లు వెచ్చగా ఉంది, ఛాతీ కదులుతోంది, మానిటర్‌లో గుండె కొట్టుకుంటోంది. చనిపోయారంటారేంటి?" అని దాదాపు ప్రతి కుటుంబమూ అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే. అందుకే ముందు దాని గురించే చెబుతాను.

అపోహ: బ్రెయిన్ డెత్ అంటే కోమానే. కొన్నాళ్లు ఆగితే లేస్తారు.

వాస్తవం: కోమాలో మెదడు దెబ్బతిన్నా బతికే ఉంటుంది, కొందరు కోలుకుంటారు. బ్రెయిన్ డెత్‌లో మెదడు, దాని కాండంతో (వెన్నుపాముతో కలిపే కింది భాగం, బ్రెయిన్ స్టెమ్) సహా, శాశ్వతంగా ఆగిపోతుంది. ఊపిరి తీసుకోమని చెప్పేది ఆ కాండమే. ఛాతీని కదిలిస్తున్నది వెంటిలేటర్. గుండె లయ మాత్రం గుండెలోనే పుడుతుంది కాబట్టి, ఆక్సిజన్ అందుతున్నంత వరకు అది కొంతకాలం కొట్టుకుంటూనే ఉంటుంది.

ఈ నిర్ధారణ పైపైన చేసేది కాదు. కళ్లలో టార్చి వేస్తారు. నల్లగుడ్డును దూదితో తాకుతారు. చెవిలోకి చల్లటి నీళ్లు పంపి కళ్లు కదులుతాయేమో చూస్తారు. ఆఖరున ఆప్నియా టెస్ట్. వెంటిలేటర్ తీసి, గొట్టం ద్వారా ఆక్సిజన్ మాత్రం ఇస్తూ, సాధారణంగా 8 నుంచి 10 నిమిషాలు ఛాతీనే చూస్తూ నిలబడతారు. ఊపిరి లేకపోవడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ బాగా పెరుగుతుంది. అలా పెరిగితే, మెదడు కాండంలో ఏ కొంచెం ప్రాణమున్నా ఒక్క ఊపిరైనా రావాలి. అది రాదు.

ఒక్కోసారి వేలు కదులుతుంది, చెయ్యి కాస్త లేస్తుంది. అది వెన్నుపాము నుంచి వచ్చే కదలిక. ఈ విషయం కుటుంబానికి ముందే చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆ కదలిక వాళ్లను ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

అపోహ: డోనర్‌గా పేరు రాయించుకుంటే డాక్టర్లు సరిగ్గా వైద్యం చేయరు.

వాస్తవం: వైద్యం చేసే టీమ్ వేరు, అవయవాలు అమర్చే టీమ్ వేరు. బ్రెయిన్ డెత్ నిర్ధారణలో ట్రాన్స్‌ప్లాంట్ టీమ్ పాల్గొనదు.

అపోహ: వయసు మీరింది, షుగర్ ఉంది, నావి పనికిరావు.

వాస్తవం: ఆ సంగతి పరీక్షలు చేసి డాక్టర్లు తేలుస్తారు. మీరే ముందుగా కాదనుకోవద్దు.

అపోహ: కిడ్నీ ఇచ్చినవాళ్లు ఇక బలహీనంగానే బతకాలి.

వాస్తవం: మిగిలిన కిడ్నీ కాస్త పెరిగి అదనపు పని అందుకుంటుంది. 1954లో కవల సోదరుడికి కిడ్నీ ఇచ్చిన వ్యక్తి ఆ తర్వాత 50 ఏళ్లకు పైగా జీవించారు. అలాగని రిస్కే లేదని నేను చెప్పను. అది పెద్ద ఆపరేషనే. బీపీ, మూత్ర పరీక్షలు జీవితాంతం చేయించుకుంటూ ఉండాలి.

అపోహ: మార్పిడి అయిపోతే జబ్బు పూర్తిగా నయమైనట్టే.

వాస్తవం: కొత్త అవయవాన్ని శరీరం పరాయిదిగానే చూస్తుంది. అది తిరస్కరించకుండా రోజూ మందులు వేసుకోవాలి. బాగానే ఉంది కదా అని మానేసి, వచ్చిన కిడ్నీని పోగొట్టుకున్నవాళ్లను చూశాను. అది చాలా బాధ పెట్టే విషయం.

అపోహ: పర్సులో డోనర్ కార్డు ఉంటే చాలు.

వాస్తవం: చాలా చోట్ల చివరికి ఇంట్లోవాళ్లనే అడుగుతారు. అప్పటికి వాళ్లు నిద్రలేక, ఏడ్చి ఏడ్చి ఉంటారు. గుండెనైతే బయటకు తీశాక సాధారణంగా 4 నుంచి 6 గంటల్లోనే అమర్చాలి కాబట్టి ఏర్పాట్లకు టైమ్ చాలా తక్కువ. ఎప్పుడో భోజనాల దగ్గర ఈ మాట వచ్చి ఉన్న ఇళ్లలో జవాబు త్వరగా దొరుకుతుంది. మిగతావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. "ఆయనకి ఇష్టమో కాదో మేమెప్పుడూ అడగలేదండీ" అంటారు.