కిటిమాట్ చేరని పైప్‌లైన్

కెనడా ప్రధాని మార్క్ కార్నీ, అల్బెర్టా ప్రీమియర్ డానియెల్ స్మిత్ 2025 నవంబర్ 27న అల్బెర్టా చమురు కంపెనీల నగరం కాల్గరీలో ఒక అవగాహన ఒప్పందం మీద సంతకాలు చేశారు. ప్రీమియర్ అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి. అల్బెర్టా నుంచి పసిఫిక్ తీరానికి రోజుకు కనీసం 10 లక్షల బ్యారెళ్ల చమురు మోసే కొత్త పైప్‌లైన్‌కు దారి చూపాలన్నది ఆ ఒప్పందంలో ముఖ్యమైన మాట. అందుకు అడ్డొస్తే ఉత్తర తీరంలో చమురు ట్యాంకర్ల మీద ఉన్న నిషేధాన్ని సడలించడానికి కేంద్రం ఒప్పుకుంది. చమురు, గ్యాస్ రంగం వదిలే ఉద్గారాలపై పెడతానన్న పరిమితిని వదులుకుంది. మాజీ ప్రధాని జస్టిన్ ట్రూడో హయాంలో పర్యావరణ మంత్రిగా ఆ పరిమితిని తీర్చిదిద్దిన స్టీవెన్ గిల్బో అదే రోజు కార్నీ మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. పైప్‌లైన్ వెళ్లాల్సింది బ్రిటిష్ కొలంబియా మీదుగా. తమ రాష్ట్రాన్ని బల్ల దగ్గరికి పిలవకుండానే ఒప్పందం కుదుర్చుకున్నారని అక్కడి ప్రీమియర్ డేవిడ్ ఈబీ మండిపడ్డారు. అప్పటినుంచి పాత గొడవ మళ్లీ రాజుకుంది.

ఈ గొడవ వచ్చినప్పుడల్లా 1980 నాటి జాతీయ ఇంధన కార్యక్రమం దగ్గర కథ ఎత్తుకోవడం అక్కడి పత్రికలకు ఆనవాయితీ. అప్పటి ప్రధాని పియరీ ట్రూడో అల్బెర్టా చమురు ధరకు కళ్లెం వేయడం, ఆ రాష్ట్రం ఉత్పత్తి తగ్గించి బదులు చెప్పడం చాలాసార్లు రాసిందే. కాల్గరీలో ఆ పేరు ఇప్పటికీ తిట్టు కిందే లెక్క. కానీ ఆ కార్యక్రమాన్ని 1985లోనే ఎత్తేశారు. ఇవాళ్టి ఒప్పందాన్ని వాక్యం వాక్యం చదివితే కనిపించే నీడ తండ్రిది కాదు, కొడుకుది. జస్టిన్ ట్రూడో 2016 నవంబర్ 29న దేశ రాజధాని ఒట్టావాలో పెట్టిన పత్రికా సమావేశం నాటిది.

ఆ రోజు ఆయన మూడు పైప్‌లైన్ల సంగతి తేల్చారు. అమెరికాకు వెళ్లే పాత లైన్ 3ని మార్చి కొత్తది వేసుకోవచ్చన్నారు. ఎడ్మంటన్ నుంచి వాంకూవర్ పక్కనున్న బర్నబీకి 1953 నుంచి నడుస్తున్న ట్రాన్స్ మౌంటెన్ పక్కన మరో లైన్ వేసి, రోజుకు 3 లక్షల బ్యారెళ్ల సామర్థ్యాన్ని 8.9 లక్షలకు పెంచుకోవచ్చన్నారు. మూడోదైన నార్తర్న్ గేట్‌వేకి మాత్రం కుదరదన్నారు. దాని దారిలో ఉన్న గ్రేట్ బేర్ వర్షారణ్యం ముడిచమురు పైప్‌లైన్ వేసే చోటు కాదన్నారు. ఉత్తర తీరంలో చమురు ట్యాంకర్లను చట్టం చేసి నిషేధిస్తామనీ ఆ నోటితోనే చెప్పారు.

నార్తర్న్ గేట్‌వే ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ తలపెట్టిన పథకం. ఎడ్మంటన్ దగ్గరి బ్రూడర్‌హైమ్ నుంచి పసిఫిక్ ఒడ్డున కిటిమాట్ అనే చిన్న పట్టణం దాకా 1,177 కిలోమీటర్లు. రోజుకు 5.25 లక్షల బ్యారెళ్లు. అంకెలకన్నా ముఖ్యమైనది దిక్కు. కెనడా ఎగుమతి చేసే చమురులో నూటికి 90 పాళ్లకు పైగా అమెరికాకే పోయేది. ఒకే షావుకారుకు పంట అమ్ముకోవాల్సిన రైతు దగ్గర ధర ఎవరు చెబుతారో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. అల్బెర్టా ఇసుకలోంచి తీసే చమురు తారులా చిక్కగా ఉంటుంది కాబట్టి తేలిక చమురుకన్నా ధర కొంత తక్కువే పలుకుతుంది. వేరే కొనుగోలుదారు లేకపోవడం దానిమీద మరో దెబ్బ. కిటిమాట్ రేవు ఆసియాకు తెరుచుకునే తలుపు.

కంపెనీ దరఖాస్తు పెట్టింది 2010లో. సంయుక్త సమీక్షా మండలి ఏళ్ల తరబడి ఊరూరా విచారణలు జరిపి, 2013 డిసెంబర్‌లో 209 షరతులతో అనుమతించవచ్చని సిఫారసు చేసింది. 2014 జూన్‌లో అప్పటి ప్రధాని హార్పర్ ప్రభుత్వం ఆమోదించింది. మూలవాసీ సమూహాల్లో 31 తమతో వాటాదారులుగా చేరాయని కంపెనీ చెప్పేది. 2016 జూన్‌లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ అనుమతిని కొట్టేసింది. ఎందుకు కొట్టేసిందన్నది ఇప్పుడు వాదించేవాళ్లు తొందరలో దాటేస్తున్నారు. మండలి నివేదిక వచ్చాక మూలవాసులతో మాట్లాడాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఆ పని మొక్కుబడిగా చేశారని కోర్టు తప్పుబట్టింది. అర్థవంతంగా మాట్లాడటానికి ఎంతో సమయమో శ్రమో అక్కర్లేదని కూడా అంది. అనుమతి రద్దు చేసి, లోపం సరిదిద్దుకుని మళ్లీ తేల్చుకోమని ఫైలును మంత్రివర్గానికే తిప్పి పంపింది. పైప్‌లైన్ వద్దని కోర్టు చెప్పలేదు.

వద్దన్నది ట్రూడో. మళ్లీ సంప్రదింపుల జోలికే పోకుండా ఫైలు మూసేశారు. 2015 ఎన్నికల్లో ట్యాంకర్ల నిషేధం ఆయన ఇచ్చిన హామీ కాబట్టి రాజకీయంగా అందులో వింతేమీ లేదు. కాల్గరీలో అది మరోలా వినబడింది: తప్పు ప్రభుత్వానిది, శిక్ష దరఖాస్తుదారుడికి. ఆరేళ్లు ఖర్చు పెట్టి, 209 షరతులకు తలూపి, చివరి మెట్టు మీద ప్రభుత్వం మారితే అంతా గంగలో కలిసినట్టేనన్న మాట.

ఈ వాదనకు బలం రెండేళ్ల తర్వాత జరిగినదాన్నుంచి వచ్చింది. 2018 ఆగస్టు 30న అదే కోర్టు ట్రాన్స్ మౌంటెన్ విస్తరణ అనుమతినీ కొట్టేసింది. కారణాల్లో ప్రధానమైనది పాతదే, మూలవాసులతో సరిగా మాట్లాడలేదని. తేడా ఒకటే. ఆ పైప్‌లైన్‌ను కేంద్రమే కొంటున్నది. అమ్మకానికి దాని యజమాని కిండర్ మోర్గన్ కంపెనీ వాటాదారులు ఆమోదం తెలిపింది కూడా సరిగ్గా ఆ రోజే. ఈసారి ఫైలు మూయలేదు. సంప్రదింపులు మళ్లీ మొదలయ్యాయి, సముద్ర రవాణా ప్రభావాన్ని మళ్లీ పరిశీలించారు, 2019 జూన్ 18న మళ్లీ అనుమతి వచ్చింది. దాన్ని కోర్టు 2020లో సమర్థించింది కూడా. అదే కోర్టు, అదే లోపం. సొంత ఆస్తి అయినప్పుడు సరిదిద్దుకోవడం సాధ్యమైంది.

కేంద్రం అసలెందుకు కొన్నదంటే దాని వెనక మరో బేరం ఉంది. 2015 నవంబర్‌లో అల్బెర్టాను పాలిస్తున్నది వామపక్ష న్యూ డెమోక్రాట్లు, ప్రీమియర్ రేచెల్ నాట్లీ. ఆమె ఒకే వేదిక మీద ఒకవైపు చమురు కంపెనీల అధిపతులను, మరోవైపు పర్యావరణవాదులను నిలబెట్టి వాతావరణ ప్రణాళిక ప్రకటించారు. కార్బన్ పన్ను వేస్తాం, బొగ్గు కరెంటు 2030కి ఆపేస్తాం, ఇసుక చమురు ఉద్గారాలు ఏడాదికి 10 కోట్ల టన్నులు దాటనివ్వం అన్నారు. బదులుగా సముద్రానికి ఒక పైప్‌లైన్ కావాలి. 2016 నవంబర్ 29న ట్రూడో ఇచ్చిన ట్రాన్స్ మౌంటెన్ ఆ బేరానికి చెల్లింపు. నాట్లీ ప్రణాళిక లేకపోతే ఈ అనుమతి ఇచ్చేవాళ్లమే కాదని ఆయనే చెప్పుకున్నారు.

2017లో బ్రిటిష్ కొలంబియాలో జాన్ హోర్గన్ ప్రభుత్వం వచ్చి, 2018 జనవరిలో తమ మీదుగా ఇంకా ఎక్కువ తారు చమురు పోకుండా ఆంక్షలు ప్రతిపాదించింది. నాట్లీ ఆ రాష్ట్రపు వైన్‌ను అల్బెర్టాలోకి రానివ్వకుండా ఆపేశారు. ఇద్దరూ ఒకే పార్టీవాళ్లు! ఏప్రిల్‌లో కిండర్ మోర్గన్ పనులు తగ్గించి, మే 31 లోగా స్పష్టత ఇవ్వకపోతే తప్పుకుంటానంది. మే 29న కేంద్రం 450 కోట్ల కెనడా డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2013లో 540 కోట్ల డాలర్లన్న విస్తరణ అంచనా పని ముగిసేసరికి 3,400 కోట్లకు చేరింది. 2024 మే 1న కొత్త లైన్‌లో చమురు మొదలైంది. ఆ వేసవిలో జామ్‌నగర్ కోసం రిలయన్స్ కూడా ఆ చమురు కొన్నది.

ఈ మధ్యకాలంలో ఏం పోయిందో అల్బెర్టా వాళ్లు 2018 శరదృతువు లెక్కతో చెబుతారు. అమెరికా ప్రామాణిక చమురుకూ తమ చిక్కటి చమురుకూ మధ్య తేడా బ్యారెల్‌కు 40 అమెరికన్ డాలర్లు దాటిపోయింది. తీసిన చమురు పంపే దారి లేక, 2019 జనవరి నుంచి రోజుకు 3.25 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి తగ్గించమని నాట్లీ ప్రభుత్వమే ఆదేశించింది. కొన్ని నెలలకే ఎన్నికల్లో ఓడిపోయారు. గెలిచిన జేసన్ కెన్నీ ముందుగా చేసిన పని ఆమె కార్బన్ పన్నును రద్దు చేయడం. బేరంలో అల్బెర్టా వైపు సగం అలా కూలింది.

ఒట్టావా వైపు సగం అదే ఏడాది జూన్ 21న చట్టాలుగా గట్టిపడింది. ట్యాంకర్ల నిషేధపు బిల్లు సీ-48, ప్రాజెక్టుల ప్రభావ అంచనా బిల్లు సీ-69 రెండింటికీ ఒకే రోజు ఆమోదముద్ర పడింది. మొదటిది అలాస్కా సరిహద్దు నుంచి వాంకూవర్ దీవి ఉత్తర కొస వరకు, 12,500 టన్నులకు మించి ముడిచమురు మోసే ఓడలు రేవుల్లో ఆగకుండా చేసింది. దాన్ని ముందుకు తీసుకెళ్లొద్దని సెనేట్ కమిటీ సిఫారసు చేసినా నెగ్గింది. రెండోదానికి కెన్నీ పెట్టిన పేరు ‘ఇక పైప్‌లైన్లు లేవు’ చట్టం. ఎన్నికల సభలో అరుపు అనుకోవచ్చు. కానీ 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు 5–2 తేడాతో ఆ చట్టంలో చాలా భాగం కేంద్రం పరిధి దాటిందని తేల్చింది. 2024లో సవరించారు.

తీరంవాళ్ల కథ వేరు. హార్ట్‌లీ బే దగ్గర 2006 మార్చిలో ‘క్వీన్ ఆఫ్ ద నార్త్’ అనే ప్రయాణికుల ఓడ మునిగింది. అర్ధరాత్రి పడవలేసుకుని వెళ్లి జనాన్ని కాపాడింది ఆ ఊరి గిట్‌గాట్ మూలవాసులు. కిటిమాట్ నుంచి బయటికొచ్చే ట్యాంకర్లు ఆ నీళ్లలోంచే పోవాలి. 2016 అక్టోబర్‌లో, ట్రూడో ప్రకటనకు నెలన్నర ముందు, బెల్లా బెల్లా దగ్గర ఒక టగ్ బోటు మునిగి లక్ష లీటర్లకు పైగా డీజిల్ హైల్ట్‌సుక్ జాతి ఆల్చిప్పలు ఏరుకునే చోట కలిసింది. కిటిమాట్ పట్టణవాసులే 2014 ఏప్రిల్‌లో జరిగిన ఓటింగులో 58 శాతం మంది నార్తర్న్ గేట్‌వే వద్దన్నారు. తీరమంతా ఒకే మాట మీద లేదన్నది మరో నిజం. కిటిమాట్ పక్కనే ఉండే హైస్లా జాతి ద్రవ గ్యాస్ ప్రాజెక్టుల్లో భాగస్వామి. 2025 జూన్ చివర ఎల్‌ఎన్‌జీ కెనడా తొలి ఓడ ఆ రేవు నుంచే బయల్దేరింది. నిషేధపు చట్టాన్ని నిస్గా జాతి పాలకులు సెనేట్ ముందు వ్యతిరేకించారు.

ట్రూడో పక్షానిది ఒక మాట. తన హయాంలోనే కెనడా చమురు ఉత్పత్తి రికార్డులు దాటిందని, దశాబ్దాల తర్వాత పసిఫిక్‌కు కొత్త లైన్ వేసింది తానేనని ఆయన అనేవారు. రెండూ నిజాలే. చమురు ధర 2014 చివర్లో కుప్పకూలింది ఒట్టావా వల్ల కాదన్నదీ నిజమే. తూర్పు తీరానికి 4,500 కిలోమీటర్ల ఎనర్జీ ఈస్ట్ పైప్‌లైన్‌ను 2017 అక్టోబర్‌లో ట్రాన్స్‌కెనడా కంపెనీ వదిలేసుకున్నప్పుడు కారణం ధరా, నిబంధనలా అని అక్కడివాళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అమెరికాకు వెళ్లాల్సిన కీస్టోన్ ఎక్స్‌ఎల్ పైప్‌లైన్‌ను 2021లో ఆపింది అమెరికా అధ్యక్షుడు బైడెన్. అన్నిటినీ ఒట్టావా ఖాతాలో వేయడం అల్బెర్టా రాజకీయులకు సులువు.

ఇప్పుడు కాల్గరీ ఒప్పందాన్ని మళ్లీ చూడండి. పైప్‌లైన్ కావాలంటే ఇసుక చమురు కంపెనీలు కలిసి తలపెట్టిన పాత్‌వేస్ పథకం నడవాలి. 1,650 కోట్ల డాలర్లతో కార్బన్‌ను పట్టి కోల్డ్ లేక్ ప్రాంతంలో భూమి లోపల పాతిపెట్టే పథకమది. ఒకటి లేకుండా రెండోది లేదని రాసుకున్నారు. పరిశ్రమల మీద కార్బన్ ధరను అల్బెర్టా 95 డాలర్ల దగ్గర స్తంభింపజేసింది. దాన్ని టన్నుకు 130కి చేర్చాలి. 2015లో నాట్లీ, ట్రూడో ఆడిన బేరమే ఇది, పేర్లు మారాయి. అప్పుడు మూసిన దిక్కుకే ఇప్పుడు తలుపు తీస్తున్నారు.

ఒక తేడా మాత్రం కాల్గరీకి మింగుడు పడటం లేదు. 2016లో డబ్బు పెట్టడానికి ఎన్‌బ్రిడ్జ్ సిద్ధంగా ఉంది, అనుమతి దొరకలేదు. ఒప్పందం నాటికి అనుమతి ఆశ ఉంది, డబ్బు పెట్టే ప్రైవేటు కంపెనీ లేదు. 2025 అక్టోబర్‌లో అల్బెర్టా ప్రభుత్వమే 1.4 కోట్ల డాలర్లు కేటాయించి ప్రతిపాదన తయారీకి దిగింది. ఎన్‌బ్రిడ్జ్ సలహాదారుగా ఉంటుందట, యజమానిగా కాదు. ఆ ప్రతిపాదనను 2026 జూలై 1 లోగా కేంద్రపు భారీ ప్రాజెక్టుల కార్యాలయానికి ఇవ్వాలని గడువు పెట్టుకున్నారు.

ఒప్పందం కుదిరిన అయిదో రోజున, డిసెంబర్ 2న, ఒట్టావాలో సమావేశమైన మూలవాసీ జాతుల ప్రధానులు దాన్ని వెనక్కి తీసుకోవాలని, ట్యాంకర్ల నిషేధాన్ని తాకరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. 2016లో కోర్టు తప్పుబట్టింది వాళ్లతో సరిగా మాట్లాడలేదనే. కాల్గరీలో సంతకాల బల్ల దగ్గర కుర్చీలు రెండే వేశారు.