వారంలో తోట కళ మార్చాలంటే: రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

విజయవాడలో ఇళ్ల ముందు మొక్కలు వేయడం, వాటి బాగోగులు చూడడం నా పని. ఫోన్లు ఎక్కువగా ఎప్పుడొస్తాయంటే గృహప్రవేశాల ముందు, పెళ్లిళ్ల ముందు, సంక్రాంతికి పిల్లలూ అల్లుళ్లూ దిగే ముందు. "వచ్చే ఆదివారానికల్లా తోట కళకళలాడాలండీ" అంటారు. వెళ్లి చూస్తే ప్రహరీకీ ఇంటికీ మధ్య నాలుగడుగుల సందు. అందులోనే సంపు మూత, బోరు మోటారు, తులసికోట, పక్కనే స్కూటరు. అంత చోటులో కూడా వారంలో తేడా తేవచ్చు. చిక్కల్లా ఏమిటంటే ఆ వారంలో జనం ముందు చేసే పని నర్సరీకి పరుగెత్తడం. నేనైతే ఆఖర్న చేస్తాను.

అపోహ: కొత్త మొక్కలు ఓ పది తెచ్చిపెడితే తోట నిండుగా కనిపిస్తుంది.

పటమటలో ఒకింట్లో నలభైకి తక్కువ కాకుండా కుండీలు ఉండేవి. పెయింటు డబ్బాలు, పగిలిన బకెట్లు, థర్మాకోల్ పెట్టెలు కూడా ఆ లెక్కలోవే. పెద్దావిడ "ఇంకో పది గులాబీలు తెప్పించు నాయనా, బోసిగా ఉంది" అన్నారు. "అమ్మగారూ, ముందు ఇవన్నీ ఒకసారి వరండాలో పెట్టి చూద్దాం" అన్నాను. అన్నీ బయట పెట్టాక తేలిందేమిటంటే వాటిలో మూడో వంతు ఎండుకట్టెలు. ఆవిడ ఎండిన మల్లె మోడుని కూడా పారేయనివ్వలేదు, అది వేరే కథ. మిగిలినవి తీసేశాం. బతికున్నవాటిని గోడ పొడుగునా వరసలో కాకుండా మూడేసి, ఐదేసి చొప్పున గుంపులుగా పెట్టాం. వెనక పొడుగుది, మధ్యలో గుబురుగా పెరిగేది, ముందు అంచు మీదుగా కిందికి వాలేది. ఒక్క మొక్క కూడా కొనలేదు. "ఇంత చోటుందా ఇక్కడ!" అన్నారావిడ.

కాబట్టి మొదటి రోజు పని ఇది. పండుటాకులు, వాడిన పూలు గిల్లేయాలి. చచ్చిన మొక్కల్ని తీసేయాలి. కుండీల మీద తెల్లగా పట్టే ఉప్పు మరకలున్నాయే, బోరు నీళ్లవి, వాటిని నిమ్మచెక్కతోనో వెనిగరుతోనో రుద్ది కడగాలి. నేల ఊడ్చి, మట్టి కనిపించే చోటల్లా రెండంగుళాల మందాన కొబ్బరి పొట్టు గానీ ఎండాకు గానీ పరవాలి. కాండం మొదలుకి మాత్రం తగలనివ్వకండి, కుళ్లుతుంది. పాదుకీ నడిచే దారికీ మధ్య ఇటుకలు వరసగా పాతి ఒక అంచు కట్టండి. తోటలో ఇంకేం మారకపోయినా ఆ అంచు ఒక్కటీ ఉంటే చాలు, చూసేవాళ్లకి "ఇక్కడ ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నారు" అని తెలిసిపోతుంది.

అపోహ: చిన్న చోటికి చిన్న మొక్కలే పెట్టాలి.

ఇది నూటికి తొంభై మంది నమ్మేదే. అన్నీ అడుగు ఎత్తువే పెడితే కన్ను ఎక్కడా నిలవదు, స్థలం మరీ చిన్నదైపోతుంది. గేటు తీయగానే ఎదురుగా కనిపించే మూలలో ఐదారడుగుల మొక్క ఒకటి పెట్టండి. నీడ ఉంటే అరెకా పామ్, ఎండ ఉంటే ఒకే కాండంగా పెంచిన నందివర్ధనం. దేవగన్నేరు కూడా అందంగానే ఉంటుంది కానీ చలికాలంలో ఆకు రాల్చి మోడులా నిలబడుతుంది. సంక్రాంతికి చుట్టాలొచ్చేటప్పటికి అదీ దృశ్యం. మామూలు గన్నేరు పూలు బాగుంటాయి గానీ ఆ మొక్క మొత్తం విషమే. పాకే పిల్లలున్న ఇంట్లో నేను వేయను.

అపోహ: లాన్ పరిస్తే చాలు, అందం అదే వస్తుంది.

మెక్సికన్ గడ్డి చాపల్లా దొరుకుతుంది, ఉదయం పరిస్తే సాయంత్రానికి పచ్చగా ఉంటుంది, నిజమే. కానీ దానికి రోజుకి ఐదారు గంటల నేరు ఎండ కావాలి. రెండంతస్తుల ఇళ్ల మధ్య సందులో అంత ఎండ ఎక్కడిది? రెండు నెలల్లో మచ్చలు మచ్చలుగా పోతుంది. అలాంటి చోట తాండూరు బండలు అడుగడుగు ఎడంతో వేసి, మధ్య సందుల్లో స్పైడర్ ప్లాంట్, సింగోనియం, లేదా మీ ఇంట్లో సీసాలో పెరుగుతున్న మనీప్లాంటు తీగలే నేల మీద పాకించండి. ప్లాస్టిక్ గడ్డి గురించి ఒక్క మాట: మే నెల మధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడండి, తర్వాత కొందామో వద్దో మీరే చెబుతారు.

వెడేలియా అనే పసుపుపూల నేలమొక్క కూడా తెగ అమ్ముతారు. అతి తొందరగా అల్లుకుంటుంది, అదే దాని తప్పు. బయటినుంచొచ్చి స్థానిక మొక్కల్నీ జీవాల్నీ తొక్కేసే చొరబాటు జాతుల్లో అతి చెడ్డవి వంద ఏరి ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఒక జాబితా ఇచ్చింది, అందులో ఇదీ ఉంది. వేసేది మీ పాదులోనే అయినా అది పక్కింట్లోకీ కాలవగట్టు మీదకీ పోతుంది.

అపోహ: పూలతో ఉన్న మొక్క తెచ్చి అదే రోజు కుండీలోకి మార్చేస్తే అలాగే పూస్తుంది.

మన దగ్గర మొక్కలు ఎక్కువగా కడియం, కడియపులంక నర్సరీల నుంచే వస్తాయి. అక్కడి మొక్కకి ఎదురు లేదు. కానీ చాలావాటికి వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. ప్రయాణానికి అది మంచిదే, వేరు కదలదు. ఇంటికొచ్చాకే తంటా. కవరు చించి ఆ ముద్దని చేత్తో నొక్కి చూడండి, ఎండి ఉంటే రాయిలా ఉంటుంది. దాన్ని అలాగే కుండీలో పెట్టి చుట్టూ గుల్ల మట్టి పోస్తే, మీరు పోసిన నీళ్లు ముద్ద పక్కనుంచి జారిపోయి క్షణాల్లో అడుగు చిల్లులోంచి బయటికొస్తాయి. కింద తడి చూసి సరిపోయిందనుకుంటారు. లోపల వేరు మాత్రం దాహంతో ఉంటుంది. పది రోజులకి ఆకులు వాడతాయి, నర్సరీవాడు మోసం చేశాడంటారు.

నేను చేసేది ఇది. మొక్కని కవరుతోనే వారం పది రోజులు పల్చటి నీడలో ఉంచుతాను. నర్సరీలో అది నెట్ కింద పెరిగింది, ఒక్కసారిగా మన ఎండలో పెడితే ఆకులు మాడతాయి. తర్వాత ముద్దని బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి, పై పొరని వేళ్లతో మెల్లగా రాల్చి, నడిమి ముద్ద చెదరకుండా నాటుతాను. ఫంక్షను నాలుగు రోజుల్లోనే ఉంటే నాటనే నాటను. కవరుతో సహా పెద్ద కుండీలో దించి, పైన కొబ్బరి పొట్టు కప్పేస్తాను. ఎవరికీ తెలియదు, మొక్కకీ ఇబ్బంది లేదు.

కాలం కూడా చూసుకోవాలి. పెటూనియాలు, చామంతులు చలికాలం సరుకు. మార్చిలో పెటూనియా కొనడమంటే డబ్బు ఎండలో పెట్టడమే. వేసవికి గడ్డి గులాబీ, బిళ్లగన్నేరు, కాగితం పూలు ఉండనే ఉన్నాయి.

అపోహ: ఆకు పసుపుబారితే యూరియా వేయాలి, నాలుగు రోజుల్లో పచ్చబడుతుంది.

గుప్పెడు యూరియా కుండీలో వేస్తే మొక్కే పోతుంది. ముందు ఏ ఆకు పసుపుబారిందో చూడండి. కింది ముదురాకు ఒకటో రెండో పండితే అది సహజం, గిల్లేయండి. కొసన లేతాకులు పసుపుగా అయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉంటుంది, సున్నపు గుణమున్న బోరు నీళ్ల వల్ల మొక్కకి అందదు. మందారం, నూరువరహాల మొక్కల్లో ఇది మన ఊళ్లలో ఎప్పుడూ చూసేదే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. వారం పది రోజులకి మళ్లీ ఒకసారి. లేతాకు రంగు తిరగడం కళ్లారా చూస్తారు. గోడకీ గచ్చుకీ తగలనివ్వకండి, తుప్పు మరక పడితే పోదు.

మందారం కొసల్లో దూదిలా తెల్లగా కనిపిస్తే అది పిండినల్లి. బాగా పట్టిన కొమ్మల్ని కత్తిరించి కవరులో మూటగట్టి పారేయండి. మిగిలినదాన్ని పైపు నీళ్లతో గట్టిగా కొట్టి, లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి కొట్టండి. చీమలు బారులు తీరి ఉంటే ఆ పురుగుని మోసేది అవే, వాటి సంగతీ చూడాలి.

అపోహ: కొమ్మలు కత్తిరిస్తే మొక్క దెబ్బతింటుంది.

మల్లె, కాగితం పూలు, మందారం కొత్త చిగుర్ల మీదే పూస్తాయి. కత్తిరించకపోతే పొడుగ్గా సాగి కొసన నాలుగు పూలిచ్చి ఊరుకుంటాయి. మల్లెని నవంబరు చివర్లోనో డిసెంబరులోనో కత్తిరిస్తేనే వేసవికి బుట్ట నిండుతుంది. కాగితం పూల మొక్క కత్తిరించాక మళ్లీ విరగబూయడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది కనుక ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేసుకోండి. దానికి నీళ్లు ఎక్కువ పోస్తే ఆకే వస్తుంది, పువ్వు రాదు. ఆదివారమే ఫంక్షనైతే మాత్రం పెద్ద కత్తెర జోలికి పోవద్దు, అడ్డదిడ్డంగా పొడుచుకొచ్చిన కొసల్ని మాత్రం సవరించండి.

అపోహ: ప్రహరీ వెంట కోనోకార్పస్ వేస్తే ఆరు నెలల్లో పచ్చటి గోడ.

అవుతుంది. ఆ తర్వాత వేళ్లు సంపుకీ డ్రైనేజీ పైపులకీ దారి వెతుక్కుంటాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటకూడదని నిషేధం పెట్టింది. మరుగు కావాలంటే గోడకి తీగ కట్టి రాధామనోహరాలు పాకించండి. ఇంకా తొందరైతే శంఖుపూల గింజలు చల్లండి, రెండు నెలలకే పూస్తాయి.

అపోహ: తెల్ల గులకరాళ్లు, రంగురంగుల కుండీలు ఉంటేనే అందం.

తెల్లరాళ్లు మొదటి నెల మెరుస్తాయి. తర్వాత దుమ్ము, వాన పడ్డాక పాచి. వాటిని ఏరి కడిగే ఓపిక మీకుంటే వేసుకోండి. కుండీలన్నిటికీ ఒకే రంగు వేయండి చాలు, నేనైతే జేగురు రంగే వేస్తాను. మట్టి పడ్డా తెలియదు, పచ్చదనం పక్కన చక్కగా ఒదుగుతుంది. పాత టైర్లకి హంసబొమ్మల రంగులు వేసే సరదా మాత్రం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

రాత్రి ఫంక్షనైతే రంగుల లైట్ల దండలు వద్దు. పసుపు వెలుగిచ్చే బల్బు ఒకటి ఆ మూలన పెట్టిన పెద్ద మొక్క కింద పెట్టి పైకి తిప్పండి, ఆకుల నీడలు గోడ మీద పడతాయి.

ఇక చుట్టాలు రాకముందు కుండీల కింది పళ్లాలన్నీ ఒంపేయండి. డెంగీ మోసే దోమకి గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా ఆ కాస్త నీళ్లలో వారం పది రోజులు చాలు. మనీప్లాంటు సీసాలో నీళ్లు కూడా వారానికోసారి మార్చాల్సిందే.