పాత వాచీలు దాచుకునేవాళ్లకు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర వాచీలు బాగుచేయడం నా పని. దేవరకొండ, మిర్యాలగూడ, నకిరేకల్ నుంచి కూడా పాత వాచీలు తెస్తుంటారు. చాలావరకు నాన్నవో తాతవో అయి ఉంటాయి. పెళ్లిలో అల్లుడికి సైకిల్, రేడియో, వాచీ పెట్టిన కాలం నాటివి కొన్ని, ఉద్యోగం నుంచి రిటైరైన రోజు తోటివాళ్లు కానుకగా ఇచ్చినవి కొన్ని, పనికోసం బొంబాయి పోయినవాళ్లు తిరిగొస్తూ కొనుక్కున్నవి కొన్ని. ఈమధ్య కుర్రవాళ్లు కూడా వస్తున్నారు. ఆన్‌లైన్‌లో వెతికి హెచ్‌ఎంటీలు, స్విస్ కంపెనీ ఫేవర్ ల్యూబా వాచీలు కొని పోగుచేస్తున్నారు. చూస్తే సంతోషంగా ఉంటుంది. అయితే పెద్దవాళ్లయినా కుర్రవాళ్లయినా నమ్మే తప్పులు మాత్రం దాదాపు ఒకటే. నా బల్ల మీదికి వచ్చే వాచీలకు వయసు వల్ల జరిగిన నష్టం తక్కువ, దాన్ని కొత్తదానిలా చేయాలన్న ఆశ వల్ల జరిగిన నష్టం ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: డయల్ తళతళ మెరుస్తుంటే ఆ వాచీని బాగా చూసుకున్నట్టు.

యాభై, అరవై ఏళ్ల వాచీ డయల్ నిన్న షోరూమ్ నుంచి వచ్చినట్టు ఉంటే నేను మొదట అనుమానిస్తాను. ఆన్‌లైన్‌లో దొరికే పాత వాచీల్లో చాలావాటికి డయల్ మళ్లీ వేయించి ఉంటుంది. పాత రంగు గీకేసి, కొత్త రంగు పూసి, దాని మీద పేరు, గీతలు అచ్చు వేస్తారు. నారింజ రంగు, నెమలికంఠం రంగు, మధ్యలో సైన్యం గుర్తు, జెండా బొమ్మ ఇలా కంటికి ఇంపుగా చేస్తారు. 'అరుదైన మోడల్' అని పేరు పెడతారు. వాటిలో చాలావరకు కంపెనీ ఎన్నడూ అలాంటి డయల్ చేయలేదు.

కనిపెట్టడం నేర్చుకుంటే కష్టం కాదు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పట్టుకుని అక్షరాల అంచులు చూడండి. ఫ్యాక్టరీ అచ్చు పదునుగా, అక్షరమక్షరం ఒకే మందంతో ఉంటుంది. మళ్లీ వేసినదైతే సిరా అంచుల్లో పాకినట్టు కనిపిస్తుంది. నిమిషాల గీతలు, అంకెల పక్కనుండే గుర్తులు ఒకదానికొకటి ఎదురెదురుగా రావాలి. చిన్న సెకన్ల ముల్లు వేరుగా ఉండే వాచీ అయితే ఆ వలయం సరిగ్గా ముల్లు ఇరుసు చుట్టూ ఉందో లేదో చూడండి. ఆరు అంకె కింద, డయల్ అంచున ఉండే చిన్న అక్షరాలు చాలా ముఖ్యం. స్విస్ వాచీ అయితే అక్కడ తయారైన దేశం రాసి ఉండాలి. డయల్ మళ్లీ వేసేవాళ్లు ఆ చిన్న అక్షరాలను వదిలేస్తారు, లేదా తప్పు రాస్తారు. హెచ్‌ఎంటీ జనతా మీద 17 జువెల్స్ (లోపలి రాళ్ల లెక్క), పారాషాక్ (దెబ్బ తట్టుకునే ఏర్పాటు) అన్న మాటలు ఎలా ఉన్నాయో తెలిసిన ఇంట్లోని అసలు వాచీతో పోల్చుకోండి. చివరగా వెనక మూత విప్పించి మిషన్ చూడాలి. డయల్ మీద ఒక పేరు, లోపల ఇంకో కంపెనీ మిషన్ ఉన్న వాచీలు చాలానే చూశాను.

మీ తాత వాచీ డయల్ పసుపు పచ్చగా మారిందా? చుక్కలు పడ్డాయా? అలాగే ఉంచండి. లోపల మిషన్ శుభ్రంగా నడిస్తే చాలు. డయల్ రంగు మారడాన్ని సేకరించేవాళ్లు తప్పుగా చూడరు. పైగా కొన్ని రంగుమార్పులను కోరి మరీ వెతుకుతారు. కొత్త డయల్ వేయిస్తే మళ్లీ వెనక్కి తేలేం.

అపోహ: పాలిష్ పెట్టిస్తే విలువ పెరుగుతుంది.

బంగారు పూత కేసులకు, అంటే మిషన్‌ను పట్టి ఉంచే బయటి లోహపు భాగానికి, ఇది చాలా నష్టం. మంచి పూత అంటే 20 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. తిరిగే గుడ్డ చక్రం మీద కాసేపు ఆనిస్తే పట్టీ తగిలించే కేసు కొమ్ముల దగ్గర పూత లేచిపోయి ఇత్తడి బయటపడుతుంది. స్టీలు కేసుకు ఆ భయం లేదు కానీ అంచుల పదును పోతుంది, కేసు సబ్బు ముక్కలా గుండ్రబడుతుంది. ప్రపంచమంతా సేకరించేవాళ్లు పాలిష్ పెట్టని కేసుకే ఎక్కువ ఇస్తారు. గ్లాసు సంగతి వేరు. ప్లాస్టిక్ గ్లాసు మీది గీతలను పాలిష్‌తో తీయించవచ్చు, అవసరమైతే గ్లాసే మార్చవచ్చు. తీసిన పాత గ్లాసు మాత్రం అడిగి తీసుకోండి.

ఇక్కడే ఇంకో సంగతి. వెనక మూత మీద పేరు, తేదీ చెక్కి ఉంటే విలువ తగ్గుతుందని చెరిపేయమంటారు. నేను చెరపను. 2017లో న్యూయార్క్ వేలంలో నటుడు పాల్ న్యూమన్ రోలెక్స్ డేటోనా ఒక కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆ వాచీ వెనక 'జాగ్రత్తగా నడుపు' అని ఆయన భార్య ఇంగ్లిష్‌లో చెక్కించిన మాట ఉంది. కారు పందేల్లో పాల్గొనే భర్తకు ఆమె చెప్పిన మాట అది. మీ ఇంటి వాచీ కోట్లు పలకకపోవచ్చు, కానీ దాని మీద 'పెళ్లి కానుక' అని చెక్కి ఉంటే ఆ వాచీ ఎవరిదో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

అపోహ: చావి ఎక్కువ తిప్పితే వాచీ పాడవుతుంది.

"అన్నా, చావి ఎక్కువిచ్చిన, బందైంది" అని రోజూ ఎవరో ఒకరు అంటారు. చావి వాచీలో దాన్ని నడిపించే మెయిన్ స్ప్రింగ్ పూర్తిగా చుట్టుకున్నాక చేతికి గట్టిగా తగులుతుంది. అక్కడ ఆపేయాలి, అంతే. పూర్తిగా చుట్టుకున్నంత మాత్రాన ఏ వాచీ ఆగదు. ఆగిందంటే లోపల నూనె ఎండి జిగురయిందనో, దుమ్ము చేరిందనో అర్థం. స్ప్రింగ్ నిండా బలంతో ఉన్నా చక్రాలు కదలలేకపోతున్నాయి. తగిలిన తరవాత కూడా బలవంతంగా తిప్పితే మాత్రం స్ప్రింగ్ కొస విరగవచ్చు. భయపడి సగం చావి ఇచ్చేవాళ్లకు టైం సరిగ్గా రాదు. రోజూ ఒకే వేళకు, పొద్దున టీ తాగే వేళకు పూర్తిగా ఇస్తే మంచిది.

అపోహ: పెట్టుకోకుండా బీరువాలో దాస్తే ఎన్నేళ్లయినా చెడదు.

నూనెకు బీరువా తెలియదు. నడిచినా నడవకపోయినా అది మెల్లగా చిక్కబడుతుంది. అందుకే చాలా ఏళ్లు దాచిన వాచీని బయటకు తీసి వెంటనే చావి ఇచ్చి రోజూ పెట్టుకోవద్దు. ఎండిన నూనెలో తిరిగితే సన్నని ఇరుసులు అరిగిపోతాయి. ముందు సర్వీసింగ్, తరవాతే చేతికి. సర్వీసింగ్ అంటే పైపైన నాలుగు చుక్కల నూనె వేయడం అనుకోకండి. మిషన్ మొత్తం విప్పి, కడిగి, ఆరబెట్టి, ఎక్కడ ఎంత నూనె కావాలో అంతే వేసి బిగించడం. సర్వీసింగ్ అయిన వాచీని మూణ్ణాలుగు వారాలకొకసారి చావి ఇచ్చి ఒక రోజు నడవనిస్తే చాలు. చేతి కదలికతోనే చావి ఎక్కే ఆటోమేటిక్ వాచీలను తిప్పుతూ ఉండే మిషన్ డబ్బాలు అమ్ముతున్నారు. ఇంట్లో రెండు మూడు వాచీలు దాచుకునేవాళ్లకు వాటి అవసరం లేదని నా అభిప్రాయం.

తేదీ చూపే వాచీ ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు మధ్య తేదీ మార్చవద్దు. ఆ వేళ తేదీ తిప్పే పళ్లు ఒకదానికొకటి పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. ముందు ముళ్లను ఆరు దగ్గరికి తెచ్చి, అప్పుడు తేదీ మార్చండి.

అపోహ: జువెల్స్ ఎక్కువుంటే వాచీ ఖరీదైనది, వాటిని అమ్ముకోవచ్చు.

అవి కృత్రిమంగా చేసిన కెంపులు. ఇరుసుల రాపిడి తగ్గించడం వాటి పని, అమ్మితే దాదాపు ఏమీ రాదు. చావి వాచీకి అవసరమైనచోటల్లా రాయి పెడితే లెక్క 17 వస్తుంది. ఆటోమేటిక్‌కు ఇంకొన్ని కావాలి. ఒకప్పుడు 100 జువెల్స్ అని అచ్చు వేసిన వాచీలు కూడా అమ్మారు. అందులో చాలా రాళ్లకు పనే లేదు.

అపోహ: హెచ్‌ఎంటీ మూతపడింది, కాబట్టి పాత హెచ్‌ఎంటీ అంటే లక్షలు.

వీడియోలు చూసి ఆశగా వచ్చేవాళ్లకు ఈ మాట చెప్పడం నాకు కష్టమే. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం 2016లో ఒప్పుకుంది. మొదలైనప్పటి నుంచి మూతపడేదాకా తయారైన వాచీలు కోట్లలో ఉన్నాయి. జనతా, పైలట్, కోహినూర్ లాంటివి ఇప్పటికీ ఇంటింటా దొరుకుతాయి. మామూలుగా ఉన్న జనతా కొన్ని వేల రూపాయలకే దొరుకుతుంది. తక్కువగా తయారైన మోడల్, అసలు డయల్, అసలు ముళ్లు, పెట్టె, బిల్లు అన్నీ కలిసి ఉంటేనే ధర పెరుగుతుంది.

పేరున్న స్విస్ వాచీలదీ అదే కథ. 2022 మొదట్లో ఆకాశాన్నంటిన పాత, సెకండ్‌హ్యాండ్ ధరలు ఆ తరవాత బాగానే దిగాయి. పెట్టుబడి అనుకుని అప్పుచేసి వాచీ కొనకండి.

మరోవైపు, విలువ లేదని పారేస్తున్నవాటిలో నాకు బాధ కలిగించేది ఆల్విన్. మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ 1980ల్లో జపాన్ సీకో సాంకేతిక సహకారంతో వాచీలు చేసింది. మన ప్రాంతంలో చాలా ఇళ్లలో ఉండేవి. ఇప్పుడు భాగాలు దొరకవని చెత్తలో వేస్తున్నారు. ఆగిపోయిన ఆల్విన్ అయినా పారేయకండి. ఒక ఆల్విన్ బతకాలంటే ఇంకో ఆల్విన్ భాగాలే దిక్కు.

అపోహ: వాటర్ రెసిస్టెంట్ 30 మీటర్లు అంటే బావిలో ఈత కొట్టొచ్చు.

వద్దు. అది కొత్త వాచీకి ల్యాబ్‌లో కదలని నీటి ఒత్తిడితో చేసే పరీక్ష లెక్క. చేతులు కడిగేటప్పుడు పడే చుక్కలకు సరిపోతుంది. పాత వాచీలో రబ్బరు రింగులు గట్టిపడి ఉంటాయి కాబట్టి దానికి ఏ లెక్కా వర్తించదు. మన ఎండాకాలంలో చెమట కూడా నీళ్లంత ప్రమాదమే. చావి కాడ పక్కనుంచి లోపలికి దిగి, తుప్పు అక్కడే మొదలవుతుంది. మే నెలలో పాత వాచీని బయటకు పెట్టుకెళ్లొద్దనే చెబుతాను. పెట్టుకుంటే ఇంటికి రాగానే తీసి, మెత్తటి పొడిగుడ్డతో తుడవండి.

నీళ్లు పోయి గ్లాసు లోపల ఆవిరి కనిపిస్తే బియ్యంలో పాతిపెట్టొద్దు. మిర్యాలగూడ సన్నబియ్యమైనా సరే, మూసి ఉన్న కేసులోంచి తడిని లాగలేదు. ఎండలో పెడితే ఆవిరి లోపలే తిరుగుతుంది. ఆ రోజే మూత విప్పించండి. రెండు రోజులు ఆగితే తుప్పు మొదలవుతుంది.

అపోహ: వాచీ ఉన్నట్టుండి ముందుకు పరుగెడితే హెయిర్‌స్ప్రింగ్ మార్చాలి.

చాలాసార్లు అయస్కాంతం వల్లే అలా జరుగుతుంది. ఫోన్ కవర్‌లోని మాగ్నెట్, స్పీకర్, ఇండక్షన్ స్టవ్ దగ్గర పెడితే వెంట్రుకంత సన్నని ఆ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. వాచీ గంటకు కొన్ని నిమిషాలు ముందుకు పోతుంది. దిక్సూచి పక్కన పెట్టి చూడండి, సూది కదిలితే అనుమానించాలి. అయస్కాంతం తీసే పరికరంతో క్షణాల పని. ఏ భాగమూ మార్చాల్సిన పని లేదు. అయితే రోజుకు ఇరవై, ముప్పై సెకన్ల తేడా అంటే మాత్రం పాత చావి వాచీకి అది జబ్బు కాదు. కచ్చితత్వానికి పరీక్ష నెగ్గిన కొత్త స్విస్ క్రోనోమీటర్ వాచీకే రోజుకు 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకు దాకా అనుమతి ఉంది.

అపోహ: పాత వాచీలో రేడియం ఇప్పుడు మెరవడం లేదు కాబట్టి దాని బలం పోయింది.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 1960లకు ముందు చాలా వాచీల ముళ్లకు, అంకెలకు నిజంగానే రేడియేషన్ వెదజల్లే రేడియం కలిపిన రంగు పూసేవారు. దానితో కలిపిన మెరిసే పదార్థం అరిగిపోయింది గానీ, రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. మూసి ఉన్న వాచీని దాచుకోవడం కంటే ఆ పొడి ఊపిరిలోకో కడుపులోకో పోవడం పెద్ద ప్రమాదం. ఇంట్లో మూత విప్పొద్దు, రంగు గీకొద్దు, పిల్లలకు ఇవ్వొద్దు. తరవాత రేడియం బదులు ట్రిటియం అనే పదార్థం వాడిన వాచీలకు డయల్ కింద టీ అక్షరం ఉంటుంది. అది పన్నెండేళ్లలో సగానికి తగ్గిపోతుంది. ఇప్పటి వాచీల్లో మెరిసే పూతలో ఈ రెండూ ఉండవు.

అపోహ: సెల్ వాచీ ఆగితే అలాగే దాచుకోవచ్చు.

సెల్ అయిపోయిన తరవాత లోపలే ఉంటే అందులోంచి ద్రవం కారి సర్క్యూట్‌ను తినేస్తుంది. పెట్టుకోని టైటాన్, ఆల్విన్ సెల్ వాచీలు ఇంట్లో ఉంటే ఈ వారమే సెల్ తీయించండి. సెల్ మీది నంబరు కాగితం మీద రాసి వాచీతో పాటు డబ్బాలో పెట్టండి, మళ్లీ నడిపించాలనుకున్నప్పుడు ఏ సెల్ వేయాలో వెతుక్కునే పని ఉండదు.